రాణిగంజ్ రేకుతో విమానం ఎగురుతుందా?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఓ పూట తిరిగితే విమానానికి కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి కదా అనిపిస్తుంది. అల్యూమినియం రేకులు చుట్టలు చుట్టి గోడకు ఆనించి ఉంటాయి. పైపులు, యాంగిళ్లు, రివెట్లు, నట్లు, బోల్టులు కిలోల లెక్కన తూచి ఇస్తారు. ఇంకాస్త ముందుకెళ్తే బేరింగులు, మోటారు విడిభాగాలు. "ఏ పనికి కావాలె సార్?" అన్న షాపాయనకు "విమానానికి" అని చెబితే నవ్వుతాడు. నవ్వడం సరే, ఎందుకు కుదరదో చెప్పమంటే మాత్రం ఆయనకే కాదు, మనలో చాలామందికి మాట తడబడుతుంది.

ఎందుకంటే ఇంట్లో విమానం కట్టుకుని ఎగిరేవాళ్లు ప్రపంచంలో వేలమంది ఉన్నారు. పాల్ పొబెరెజ్నీ 1953లో అమెరికాలోని మిల్వాకీలో మొదలుపెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇలాంటివాళ్ల సంఘమే. వ్యాన్స్ అనే ఒక్క కంపెనీ అమ్మిన ఆర్‌వీ కిట్ల నుంచే 11,000కు పైగా విమానాలు గాల్లోకి లేచాయి. మనవాళ్లకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్లు ఎక్కిన జెన్‌ఎయిర్ సీహెచ్ 701 ఉంది. క్రిస్ హైంజ్ అనే ఇంజనీరు 1980లలో ఈ రెండు సీట్ల బుల్లి విమానాన్ని రూపొందించింది ఇంటి షెడ్డులో బిగించుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకునే. దాని ఒంటి మీద రేకు మందం చాలాచోట్ల 0.4 మిల్లీమీటర్లు. దాన్ని అతికించేది పాప్ రివెట్లు. సైన్‌బోర్డులు చేసే కుర్రాడికి కూడా తెలిసిన పనే.

మరి రాణిగంజ్ రేకుకు వచ్చిన లోటేమిటి? అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఒకే రేకు, అయిదు రెట్ల తేడా

స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తటి లోహం. అందులో పరమాణువులు వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. వంచినప్పుడు ఒక వరస ఇంకో వరస మీద జారుతుంది. ఆ జారుడుకు అడ్డేదీ లేకపోతే రేకు సులువుగా వంగిపోతుంది. గిన్నెలకు అది మంచి గుణం, రెక్కకు పనికిరాదు.

1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే లోహశాస్త్రవేత్త అల్యూమినియంలో కాస్త రాగి, మెగ్నీషియం కలిపి, వేడిచేసి, చటుక్కున చల్లార్చాడు. వెంటనే పరీక్షిస్తే విశేషమేమీ లేదు. రెండు మూడు రోజులు పోయాక మళ్లీ చూస్తే, ఎవరూ ముట్టుకోకుండానే ఆ ముక్క గట్టిపడి ఉంది. కారణం తెలియడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. వేడిలో లోహమంతా కలిసిపోయిన రాగి పరమాణువులు, చల్లారాక నెమ్మదిగా ఒకచోటికి చేరి కంటికి కనబడనంత చిన్న గుంపులు కడతాయి. ఆ గుంపులు పరమాణువుల వరసలు జారే దారిలో అడ్డు నిలుస్తాయి. జారుడు ఆగింది కాబట్టి లోహం గట్టిపడింది. విమానాల యుగానికి పునాది వేసిన డ్యురాల్యుమిన్ ఇలా పుట్టింది.

సీహెచ్ 701లో వాడేది దీనికి దాయాది. 6061 అనే రకం. ఇందులో రాగి కన్నా మెగ్నీషియం, సిలికాన్‌లది పెద్ద పాత్ర. దీన్ని మెత్తబరిచిన స్థితిలో లాగితే చదరపు మిల్లీమీటరుకు దాదాపు అయిదున్నర కిలోల బరువు దగ్గర శాశ్వతంగా సాగిపోతుంది. అదే లోహాన్ని సుమారు 530 డిగ్రీల దాకా వేడిచేసి, నీళ్లలో ముంచి, తర్వాత 170 డిగ్రీల ప్రాంతంలో కొన్ని గంటలు ఉంచితే 28 కిలోల దాకా తట్టుకుంటుంది. దీన్నే టీ6 స్థితి అంటారు. రంగు అదే, బరువు అదే, మెరుపు అదే. కంటితో చూసి ఏ మేస్త్రీ తేడా చెప్పలేడు.

అందుకే విమానపు రేకు మీద దాని రకం, స్థితి అచ్చువేసి ఉంటాయి. వెంట ఓ సర్టిఫికెట్ వస్తుంది. ఏ కొలిమిలో, ఏ బ్యాచ్‌లో తయారైందో, ఎంత లాగితే తెగిందో అందులో రాసి ఉంటుంది. రాణిగంజ్‌లో దొరికే రేకు చెడ్డదేం కాదు. దాని పూర్వచరిత్ర మాత్రం మనకు తెలియదు. ఇంట్లో విమానం కట్టడంలోని అసలు కష్టం ఇదే, ఇక ముందు ప్రతి మలుపులోనూ మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. గాల్లోకి లేచే యంత్రాన్ని తయారుచేయడం ఓపికున్న ఎవరికైనా సాధ్యం. అందులో కంటికి కనబడని ప్రతిదాని గురించీ నమ్మకంగా చెప్పగలగడమే కష్టం.

రెక్క మోసేదెంత?

సీహెచ్ 701 ఇద్దరు మనుషులతో, పెట్రోలుతో కలిపి 500 కిలోలదాకా ఉంటుంది. రెక్క వైశాల్యం సుమారు 11.4 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు 44 కిలోలు. మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు పదివేల కిలోల బరువుతో నొక్కుతోంది. రెక్క పైనా కిందా ఆ ఒత్తిడిలో అర శాతం కూడా తేడా రానక్కర్లేదు, విమానం లేచిపోతుంది. ఎగరడానికి ప్రకృతి అడిగేది చాలా తక్కువ.

అయితే గాల్లో కుదుపులుంటాయి, పదునైన మలుపులుంటాయి. అప్పుడు రెక్కకు విమానం తన అసలు బరువుకు రెండు మూడు రెట్లు ఉన్నట్టు తెలుస్తుంది. మామూలు తరగతి చిన్న విమానాలకు 3.8 రెట్లు అనే హద్దు పెట్టుకుంటారు. ఆపైన ఇంకో సగం భద్రత కోసం. 500 కిలోల విమానానికి లెక్క వేస్తే 2,850 కిలోలు. కొత్త డిజైన్ అయితే దీన్ని చేసి చూపించాలి. రెక్కను తలకిందులుగా బిగించి, దాని మీద ఇసుక బస్తాలు పేరుస్తూ పోతారు. సిమెంటు బస్తాల్లో చెప్పాలంటే 57. కుదురు దగ్గర ఎక్కువ, కొస దగ్గర తక్కువ, గాలి మోసే తీరులోనే సర్దుతారు. రేకు ముడతలు పడుతుంది, కిర్రుమంటుంది. విరగకూడదు. కిట్ కొనుక్కున్నవాడికి ఈ పరీక్ష కంపెనీయే చేసి పెడుతుంది. కిట్‌కు పెట్టే డబ్బు రేకుకే కాదు, ఈ ధీమాకు కూడా.

*బాక్స్: మే నెలలో సికింద్రాబాద్ గాలి*

*బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు పెరిగితే గాలి పల్చబడుతుంది. వేడెక్కినా పల్చబడుతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో ఈ రెండూ కలిస్తే, సముద్రతీరంలో 15 డిగ్రీల దగ్గర ఉండే గాలితో పోల్చితే ఇక్కడి సాంద్రత సుమారు 14 శాతం తక్కువ. విమానం దృష్టిలో అది 1,500 మీటర్లకు పైబడిన కొండ మీద ఉన్నట్టే లెక్క.*

*దెబ్బ మూడు చోట్ల తగులుతుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది కాబట్టి ఇంకా వేగంగా పరుగెత్తాలి. ఇంజన్‌లోకి వెళ్లే గాలి తగ్గుతుంది కాబట్టి శక్తి పడిపోతుంది. ప్రొపెల్లర్ నెట్టడానికి దొరికే గాలీ తక్కువే. కిట్ పుస్తకంలో రాసిన టేకాఫ్ దూరం చల్లటి దేశపు లెక్క. ఇక్కడ తెల్లవారుజామునే ఎగరడం మేలు.*

వేలికొసకు తగిలే అంచు

ఆర్‌వీ లాంటి విమానం పూర్తిచేయడానికి 1,500 నుంచి 2,500 గంటల పని పడుతుంది. ఉద్యోగం నుంచి వచ్చాక రోజుకు రెండు గంటల చొప్పున కూర్చున్నా రెండు నుంచి మూడున్నర ఏళ్లు. ఆ గంటల్లో ఎక్కువ భాగం ఒకే పనికి పోతుంది: రంధ్రం పెట్టడం, దాని అంచు నునుపు చేయడం, రివెట్ కొట్టడం. అలాంటి రివెట్లు పదివేలకు పైనే.

అంచు నునుపు చేయడం ఎందుకు? డ్రిల్లు బయటికొచ్చే వైపు రంధ్రం చుట్టూ సన్నటి ముళ్లలాంటి పెచ్చు లేస్తుంది. వేలికొసతో తడిమితే గీరుకుంటుంది. రెక్క వంగినప్పుడల్లా రేకులోని బలమంతా రంధ్రాల చుట్టూ తిరిగి పోవాలి. ఆ అంచున చిన్న గాటు ఉంటే బలం అక్కడ పోగుపడుతుంది. మొదటిసారికి ఏమీ కాదు. వేలసార్లు వంగి లేచాక గాటు పగులవుతుంది, పగులు పక్క రంధ్రం దాకా పాకుతుంది. బలం ఒక్కసారి ఎక్కువై విరగడం వేరు, తక్కువ బలమే పదేపదే పడి విరగడం వేరు. రెండోదాన్నే అలసట అంటారు. లోహం వంగకుండా, చప్పుడు చేయకుండా, ముందస్తు హెచ్చరికేదీ ఇవ్వకుండా తెగుతుంది.

ఇదేదో ఇళ్లలో చేసేవాళ్ల నిర్లక్ష్యమే అనుకోనక్కర్లేదు. వ్యాన్స్ కంపెనీ గిరాకీ తట్టుకోలేక కొన్ని భాగాల రంధ్రాలను అచ్చుతో కొట్టే బదులు లేజర్‌తో కోయించింది. లేజర్ గుండ్రంగా తిరిగి మొదలైన చోటికే వచ్చి ఆగేటప్పుడు అక్కడ చిన్న గాటు మిగిలింది. కొనుగోలుదారులు ఆ రంధ్రాల అంచులను రివెట్ తల కూర్చునేలా గుంటగా వంచేసరికి గాటు దగ్గర పగుళ్లు కనిపించాయి. అప్పటికే ఎన్నో షెడ్లలో ఆ భాగాలు రెక్కల్లోకి ఎక్కిపోయాయి. ఏవి వాడుకోవచ్చో, ఏవి పీకి మార్చాలో పరీక్షలు చేసి విడదీయాల్సి వచ్చింది. ఇతర నష్టాలూ తోడై 2023 డిసెంబరులో కంపెనీ దివాలా రక్షణ కోరింది, తర్వాత తేరుకుంది. ఆ గాటు వెంట్రుకంత.

కావడి లెక్క

విమానం బరువెంత అన్నది ఎంత ముఖ్యమో, ఆ బరువు ఎక్కడుందో అంతే ముఖ్యం. కావడి మోసేవాడు రెండు కుండల్లో నీళ్లు సమంగా లేకపోతే బద్దను భుజం మీద ముందుకో వెనక్కో జరుపుకుంటాడు. విమానంలో భుజం, అంటే రెక్క, జరగదు. కుండలనే సర్దాలి. తోక దగ్గర, రెక్కకు నాలుగు మీటర్ల వెనక ఒక కిలో పెరిగితే, దాన్ని సరిచేయడానికి మీటరు దూరంలో ముందువైపు నాలుగు కిలోలు పెట్టాలి. ఉత్సాహంతో తోకకు ఇంకో పూత రంగు వేసినవాళ్లు తర్వాత బ్యాటరీని ముందుకు జరుపుతూ కనబడేది ఇందుకే.

ముందు బరువెక్కువైతే దిగేటప్పుడు ముక్కు లేవదు. అదైనా కొంత నయం. వెనక బరువెక్కువైతే నెమ్మదిగా ఎగిరేటప్పుడు ముక్కు దానంతటదే పైకి లేస్తుంది. రెక్క మీద గాలి పట్టు తప్పుతుంది, ముక్కు కిందికి దించి మళ్లీ వేగం అందుకుందామంటే తోక మాట వినదు. అందుకని విమానం పూర్తయ్యాక మూడు చక్రాల కింద మూడు తూకాలు పెట్టి కొలుస్తారు. కాగితం మీద ముందే వేసుకున్న లెక్కను నమ్మి వదిలేయరు.

పైకి లాగితే కిందికి పోయిన విమానం

బరువు సరిపోయి, లోహం మంచిదై, రివెట్లన్నీ సరిగా పడినా విమానం చంపగలదు. అలాంటిదొకటి 1930లలో యూరప్‌ను ఊపేసింది. హెన్రీ మిన్యే అనే ఫ్రెంచివాడు ఒక బుల్లి విమానం తయారుచేసి 1933లో ఎగిరాడు. ఎవరైనా సొంతంగా కట్టుకోవచ్చంటూ మరుసటి ఏడాది పుస్తకం రాశాడు. ఇంగ్లండులో ఆ విమానానికి ఎగిరే మిణ్నల్లి అని అర్థం వచ్చే పేరు పెట్టారు. చెక్క, గుడ్డ, మోటారుసైకిల్ స్థాయి ఇంజన్. జనం వందల్లో కట్టేశారు. ఆ వెంటే వరస ప్రమాదాలు. అన్నీ ఒకే తీరు: ముక్కు కిందికి వాలడం, మళ్లీ లేవకపోవడం.

1936లో ఇంగ్లండులోని ఫార్న్‌బరోలోనూ ఫ్రాన్స్‌లోనూ అసలు పరిమాణంలోని విమానాన్నే గాలి సొరంగంలో పెట్టి చూస్తే గుట్టు తెలిసింది. ఆ విమానానికి ఒకదాని వెనక ఒకటిగా రెండు రెక్కలు. ముక్కు లేపాలంటే పైలట్ కర్ర లాగుతాడు, ముందు రెక్క వాలు మారి ఎక్కువ ఎత్తుబలం ఇస్తుంది. కానీ అలా వాలినప్పుడు ముందు రెక్క వెనక అంచు కిందికి దిగి, వెనక రెక్కకు మధ్యన ఉన్న సందును ఇరుకు చేస్తుంది. ఇరుకు సందులోంచి గాలి వడిగా వెనక రెక్క పైన పారుతుంది. దాంతో వెనక రెక్క ఎత్తుబలమూ పెరుగుతుంది. వెనక భాగం లేస్తే ముక్కు ఇంకా కిందికి పోతుంది. మామూలు ఎగురుడులో ఈ చిక్కు బయటపడదు. ఒక హద్దు దాటి ముక్కు వాలిందంటే, పైలట్ ప్రాణభయంతో ఎంత గట్టిగా లాగితే అంత లోతుకు దూకుతుంది.

మిన్యే తర్వాత డిజైన్ మార్చాడు. ఆయన మోసగాడు కాదు, తను కట్టిన విమానంలో తనే ఎగిరినవాడు. తను ఎగిరిన తీరులో ఆ లోపం తగలలేదంతే. ఈనాటికీ అనుభవజ్ఞులు కొత్తవాళ్లకు ఒకటే చెబుతారు, సొంత డిజైన్ జోలికి పోవద్దని.

కారు ఇంజన్ పెడితే?

ఇది అందరూ అడిగే ప్రశ్న. కారు రోడ్డు మీద సాఫీగా పోయేటప్పుడు ఇంజన్ సత్తాలో పావు వంతు వాడుకుంటే ఎక్కువ. విమానంలో టేకాఫ్‌కు నూటికి నూరు, ఆపైన గంటలకొద్దీ 75 శాతం దాకా. పైగా చిన్న ఇంజన్ వేగంగా తిరిగితేనే శక్తి వస్తుంది, ప్రొపెల్లర్ అంత వేగంగా తిరగకూడదు. చిన్న విమానాల్లో ఎక్కువగా కనబడే రోటాక్స్ 912 నిమిషానికి 5,800 చుట్లు తిరిగి 80 హార్స్‌పవర్ ఇస్తుంది. 1.7 మీటర్ల ప్రొపెల్లర్‌ను నేరుగా దానికి తగిలిస్తే కొసలు సెకనుకు 500 మీటర్లకు పైగా, ధ్వనిని మించిన వేగంతో పోతాయి. చప్పుడే గానీ లాగుడు ఉండదు. అందుకని గేర్లతో దాన్ని 2,550 చుట్లకు దించుతారు. ప్రతి సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గులు, వాటికి వేర్వేరుగా నిప్పురవ్వ అందించే రెండు వ్యవస్థలు. ఒకటి పోయినా రెండోది ఇల్లు చేరుస్తుంది.

ఎవరో కట్టినది, ఎవరో కొన్నది

అమెరికా రవాణా భద్రతా మండలి 2012లో ఇంటి విమానాల మీద పెద్ద అధ్యయనం చేసింది. అక్కడి సొంత, చిన్న విమానాల్లో ఇవి 10 శాతానికి అటూఇటూ. 2011 ప్రమాదాల్లో మాత్రం వీటి వాటా 15 శాతం, ప్రాణాలు పోయినవాటిలో 21 శాతం. గాల్లో రెక్కలూడిపోవడం వల్ల అనుకుంటాం. ముందు వరసలో ఉన్నవి ఇంజన్ ఆగిపోవడం, విమానం అదుపు తప్పడం. అవీ ఎక్కువగా కొత్త విమానం తొలి గంటల్లో, లేదా పాత విమానాన్ని కొత్తగా కొన్నవాడి తొలి గంటల్లో.

గాయకుడు జాన్ డెన్వర్ మరణం ఈ రెండో కోవకు చెందింది. 1997 అక్టోబరు 12న ఆయన కాలిఫోర్నియా తీరంలో, అప్పుడే కొన్న లాంగ్ ఈజీ విమానంతో సముద్రంలో కూలిపోయాడు. ప్లాన్ ప్రకారం ఒక ట్యాంకు నుంచి మరో ట్యాంకుకు మార్చే ఇంధన వాల్వు పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. మొదట దాన్ని కట్టినాయన పెట్రోలు గొట్టాలు కాక్‌పిట్‌లో ఉండకూడదనుకున్నాడు, వాల్వును పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. ఆలోచన తప్పేం కాదు. కానీ దాన్ని తిప్పాలంటే ఒళ్లు వెనక్కి తిప్పాలి, ఆ తిరగడంలో కుడి కాలు తెలియకుండానే, విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్‌ను తొక్కుతుంది. తక్కువ ఎత్తులో, ట్యాంకులో ఇంధనం అడుగంటినప్పుడు ఆ పని చేయాల్సి వచ్చింది. కట్టినాయనకు తన విమానం వంటింటిలా తెలుసు. కొన్నాయనకు తెలియదు.

అందుకే కొత్త విమానాన్ని 25 నుంచి 40 గంటలపాటు జనం లేని చోట ఎగరేసి, ఒక్కో వేగం దగ్గర ఎలా ప్రవర్తిస్తుందో రాసుకోవాలన్న నిబంధన అక్కడ ఉంది. మంచి షెడ్లలో ఇంకో అలవాటు కనబడుతుంది. బోల్టును సరైన బిగువుకు బిగించాక నట్టు మీది నుంచి పక్క లోహం మీదికి ఎర్ర లక్కతో ఓ గీత గీస్తారు. నట్టు కదిలితే గీత విరుగుతుంది. వారం తర్వాత వచ్చిన మిత్రుడు టార్చి వేసి చూసినా తెలుస్తుంది. కట్టినవాడి కన్ను తన తప్పును దాటుకుంటూ పోతుంది, పరాయి కన్ను ఆగుతుంది.

మన దగ్గర

మనదేశానికి ఇది కొత్త కాదు. బెంగళూరు నేషనల్ ఏరోనాటికల్ ల్యాబొరేటరీ, డెన్వర్ నడిపిన లాంగ్ ఈజీ డిజైన్‌నే తీసుకుని, పీచు పదార్థంతో విమానం చేయడం నేర్చుకోవడానికి ఒకటి కట్టి 1987లో ఎగరేసింది. బెంగళూరులోనే రాజ్‌హంస కంపెనీ ఎక్స్ ఎయిర్ కిట్లు తయారుచేసి విదేశాలకు పంపింది. వాటిలో ఒకదాని పేరు హనుమాన్. ముంబయిలో పైలట్ అమోల్ యాదవ్ కాందివలిలో తన ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానాన్ని సొంత డిజైన్‌తో కట్టారు. 2016 ఫిబ్రవరిలో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. రిజిస్ట్రేషన్ మాత్రం ఎన్నో ఏళ్ల తిరుగుడు తర్వాత 2017 నవంబరులో వచ్చింది, వీటీ-ఎన్‌ఎండీ అనే అక్షరాలతో. కట్టడం కన్నా కాగితమే ఆయన్ని ఎక్కువ అలసగొట్టి ఉండాలి.

ఆ కాగితాన్ని తిట్టడం తేలికే. కానీ ఇంతసేపూ చెప్పుకున్న రేకు చరిత్ర, బస్తాల పరీక్ష, తూకం, ఎర్ర గీత, ఇవన్నీ ఎవరో ఒకరు చూసి సంతకం పెట్టాలి. అమెరికాలో ఆ చూసేవాళ్ల వ్యవస్థ ఏడు దశాబ్దాలుగా పెరిగింది. మన దగ్గర కట్టేవాళ్లు తక్కువ కాబట్టి చూసేవాళ్లూ తక్కువ. చూసేవాళ్లు తక్కువ కాబట్టి కట్టేవాళ్లు ముందుకు రారు.

సికింద్రాబాద్‌కు ఇంకో చిక్కుంది. పక్కనే బేగంపేట, ఉత్తరాన హకీంపేటలో వాయుసేన శిక్షణ స్థావరం, దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. ఆకాశంలో ఖాళీ లేదు. పైన జెట్లు తిరిగే చోట, కింద మల్కాజిగిరి నుంచి అల్వాల్ దాకా ఇళ్ల మీద, తొలి గంటల పరీక్ష చేయడం కుదిరే పని కాదు. కాబట్టి ఇక్కడ ఈ పనికి పూనుకునేవాళ్లు కిట్‌కు డబ్బు కట్టకముందే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర ఏ తరగతి కింద అనుమతి వస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. నగరానికి దూరంగా ఒక రన్‌వే యజమాని ఒప్పుకోలు సంపాదించాలి. ఆపైన టేపు తీసుకుని తమ మెట్ల మలుపు కొలుచుకోవాలి. సీహెచ్ 701 రెక్క ఒక్కో వైపుదీ విప్పినా దాదాపు నాలుగు మీటర్లు ఉంటుంది. డాబా మీద కట్టేవాళ్లయితే క్రేన్ బాడుగ కూడా ఇప్పుడే ఖర్చులో రాసుకోవాలి.